వేడినీళ్ళ పైపును మళ్ళీ వదులు చేసిన రోజు

గోడలో వేడినీళ్ళ పైపు శబ్దం చేస్తోందని ఎవరైనా పిలిస్తే, వెళ్ళీ వెళ్ళగానే గోడకు చెవి పెట్టకండి. ఆ గోడకు అవతల ఎవరు పడుకుంటారో ముందు అడగండి. ఈ మాట ఏ ఐటీఐలోనూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు పైపులు బిగించాక ఒకే ఒక్క ఇంట్లో తెలిసింది, అదీ శుభ్రంగా చేసిన పనిని నా చేతులతో నేనే చెడగొట్టాక.

నేను కోయంబత్తూరులో ప్లంబరుగా పనిచేసినవాణ్ణి. ఇక నిచ్చెన ఎక్కేది లేదని మోకాళ్ళు తేల్చి చెప్పేశాక మానుకున్నాను. పుట్టింది మదురైకి దక్షిణాన, నల్లరేగడి పల్లెలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు పని మానుకున్నాకే నేర్చుకున్నాను. అందుకని ఈ నాలుగు కాగితాలు రాయడానికి ఒక మేడకు పైపులు వేసినంత కాలం పట్టింది. ఇప్పుడు పనిలోకి వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

నాతో ఎప్పుడూ ఒక మేస్త్రి ఉండేవాడు. గోడ చెక్కడం, మళ్ళీ పూయడం అతని పని. పైపు నా పని. అతనిదీ మదురై పక్కనే, అతని ఇంట్లోనూ తెలుగే. నన్ను "మాప్ళే" అని పిలిచేవాడు, మనం బావా అంటామే, అట్లా. ఉలి చేతిలో ఉండగా ఆ ఇంటివాళ్ళ మూడు తరాల సంగతులూ రాబట్టేవాడు. అతని నోటికి జడిసి కొందరు యజమానులు పని అయ్యేదాకా మేడ దిగేవాళ్ళు కాదు.

మమ్మల్ని పిలిచిన ఇల్లు ఊరి శివారులో, పాత తెలుగు వీధిలో ఉంది. ఒకప్పుడు పత్తి పండించిన కుటుంబం. ఇప్పుడు వెనక దొడ్లో లేత్ మిషన్లు పెట్టి పంపుసెట్టు సామాన్లు చేస్తారు. పగలంతా ఆ మిషన్ల రొద ఇంట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. ఇంటి పెత్తనం పెద్దావిడది. అరవై దాటిన మనిషి. ఉడుమలైపేట వైపు ఇచ్చిన కూతురు తొలి కానుపుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టి ఇరవై రోజులు దాటింది.

అసలు చిక్కు ఇది. కానుపుకు ముందే డాబా మీద కొత్తగా సోలార్ ట్యాంకు పెట్టించారు. నీళ్ళు జోరుగా రావాలని దానికో పంపు కూడా బిగించారు. ఆ వేడినీళ్ళ పైపు బాత్రూముకీ బాలింత గదికీ మధ్య ఉన్న గోడలో దిగుతుంది. పొద్దున బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు కొళాయి ఎన్నిసార్లు తిప్పుతారో మీకు తెలియంది కాదు. మూసిన ప్రతిసారీ గోడలోపల ఎవరో గుద్దినట్టు "ధడ్" మనేది.

"వింటివా అప్పా ఈ సత్తం? బాలింత ఇంట్లో గోడ ఇట్ల కొట్టుకుంటే ఎట్ల? బిడ్డ అదిరిపడ్తాది. ఇప్పుడే ఆపేయాల," అంది పెద్దావిడ.

"ఆపుతాం అమ్మా. కొంచం గోడ చెక్కాల," అన్నాను.

"చెక్కుతావా! సుత్తి సత్తం వేండాం అప్పా, వద్దే వద్దు. ఏమన్నా చెయ్యి గానీ మెల్లగా కొట్టు. బిడ్డ అదిరిపడ్తాది."

మేస్త్రి నా వైపు చూశాడు. సత్తం, అంటే చప్పుడు, ఆపాలి, ఆపేటప్పుడు మాత్రం సత్తం రాకూడదు. అటువంటి పని మాకు అదే మొదలు.

మీకోసం రెండు ముక్కలు చెప్తాను. వేడినీళ్ళ పైపు రెండు రకాలుగా గోల చేస్తుంది. ఒకటి టిక్కు టిక్కుమని, వేడికి సాగిన పైపు గోడలో ఇరుకైన చోట ఒరుసుకునేటప్పుడు వచ్చేది. ఇంకొకటి ధడ్‌మనేది. కొళాయి టక్కున మూస్తే, జోరుగా వచ్చే నీళ్ళు ఒక్కసారిగా ఆగి పైపును కుదిపేస్తాయి. దాన్ని పట్టి ఉంచే క్లాంపు వదులైతే పైపు వెళ్ళి గోడకు కొట్టుకుంటుంది. ఇక్కడ జరుగుతున్నది రెండోది. వదులైన చోటు పట్టుకుని, పైపు చుట్టూ రబ్బరు పెట్టి, క్లాంపు బిగిస్తే సరి. మామూలుగా ఒక పూట పని.

మాకు మూడు రోజులు పట్టింది. మేస్త్రి తన పాత లుంగీ చింపి ఉలి తలకు చుట్టాడు. ఆ గుడ్డ మీద, దెబ్బ తగలకుండా కొట్టినట్టు కొట్టేవాడు. గోడలోంచి చిటికెడు చిటికెడుగా పొడి రాలేది.

"దీన్ని గోడ చెక్కేది అనరు మాప్ళే, గోడకు దురద గోకేది అంటారు," అని గుసగుసగా విసుక్కునేవాడు. అంతటి మాటకారి మూడు రోజులు గుసగుసల్లో బతకడం చూసి నాకు నవ్వు ఆగేది కాదు.

రెండో రోజు మధ్యాహ్నం కొంప మునిగింది. బాత్రూము అటక మీద, సోలార్ రాకముందు నీళ్ళు కాచుకున్న పెద్ద రాగి అండా ఉంది. మేస్త్రి నిచ్చెన దిగుతూ మోచేత్తో దాన్ని తోశాడు. అది సిమెంటు నేల మీద పడి, దొర్లి, గోడకు కొట్టుకుని మళ్ళీ దొర్లింది. ఆ మోతకు పక్కింటి కుక్క మొరిగింది. బాలింత "అమ్మా!" అని కేక పెట్టింది. వంటింట్లోంచి పెద్దావిడ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

గది తలుపు తెరిచి ఉంది. బిడ్డ ఉయ్యాలలో, పిడికిలి బుగ్గ దగ్గర పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. రెప్ప కూడా అదరలేదు.

మమ్మల్ని ఏకిపారేయడానికి వచ్చిన పెద్దావిడ అది చూసి మెత్తబడిపోయింది. "చూస్తివా అప్పా నా మనవరాల్ని! ఆకాశం విరిగిపడినా అదరదు. కడుపులో ఉండేటప్పుడే లేత్ సత్తం విని పెరిగిన బిడ్డ గదా!" అని మురిసిపోయింది. గరిటె దెబ్బ తప్పినందుకు మేస్త్రి "సింహం అమ్మా, సింహం!" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "ధైర్యం అంటే ఇదీ," అన్నాను. మేము పొగిడామని ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారట. ధైర్యమని అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మూడో రోజు రబ్బరు పెట్టేముందు పైపు సరిగ్గా ఎక్కడ కొట్టుకుంటోందో చూడాలి. మేస్త్రి కొళాయి తెరిచి మూస్తున్నాడు, నేను పైపు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. బాలింత ఎదురుగా, తలుపు అవతల కుర్చీలో కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్ళో ఉంది, ఈసారి మెలకువగా ఉంది. కిటికీ వెలుగు చూస్తోంది. ధడ్. తల్లి భుజాలు ఎగిరిపడ్డాయి. బిడ్డ కిటికీనే చూస్తోంది. ధడ్. తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. బిడ్డ కళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆరుసార్లు కొట్టింది గోడ. ఆరోసారికి నా చెయ్యి పైపు మీద ఉందన్న సంగతి మరిచిపోయాను.

అయినా పని పూర్తి చేశాను. రబ్బరు పెట్టి క్లాంపు బిగించాను. నాకు పని నేర్పినాయన, గోడను ఎప్పుడూ పూర్తిగా మూసేయకు, చెయ్యి పట్టేంత సందు ఉంచు అనేవాడు. ఆ అలవాటు కొద్దీ క్లాంపు ఉన్న చోట చిన్న ప్లైవుడ్ మూత పెట్టించాను. పెద్దావిడ వచ్చి కొళాయి ఏడెనిమిది సార్లు తిప్పి చూసింది. చప్పుడు లేదు. చిన్నపిల్లలా నవ్వి, మా ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చింది. నేను మాత్రం గ్లాసు అట్లాగే పెట్టి లేచాను.

ఎందుకో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి.

మా అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. పిలిస్తే పలికేది కాదు. సాయంత్రం మా నాన్న పొలం నుంచి బండి తోలుకొస్తుంటే, ఎద్దుల మెడలో గజ్జెలు వీధి చివరినుంచే వినిపించేవి. దొడ్డి తడిక తీయడం అక్క పని. అక్క వెళ్ళేది కాదు. నాన్న దిగి, తడిక తానే తీసుకుని, లోపలికొచ్చి కొట్టేవాడు. మొండిది, మొండిది అని ఊరంతా అన్నారు. నాకు నాలుగేళ్ళు కూడా ఉండవు, నేనూ అన్నాను. ఆమెకు వినపడదని తెలిసేసరికి ఏడేళ్ళు దాటాయి. అదీ బడిలో పంతులు చెప్తే తెలిసింది. ఆ తర్వాత నాన్న ఆమెను ఏనాడూ కొట్టలేదు. కానీ ఆమె ముఖంలోకి చూసి మాట్లాడటం కూడా మానేశాడు. అక్కకు మాట రాలేదు. చేతులతో మాతో అన్నీ చెప్పేది, మాకే సగం అర్థమయ్యేది కాదు. మోటారు గది గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి, అది ఆడుతోందో ఆగిందో చెప్పేది. గోడల గురించి నాకు మొదట నేర్పింది ఆమే. పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎక్కడైనా గజ్జెల చప్పుడు వింటే నాకు ముందు ఆ దెబ్బలే గుర్తొస్తాయి.

ఇక్కడ సింహం అన్నారు, మా ఊళ్ళో మొండిది అన్నారు. రెండూ ఒకటేనని నాకు తెలుసు.

బస్‌స్టాండు దగ్గర టీ తాగుతూ, ఆ బిడ్డకు వినపడదేమోనని మేస్త్రికి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"నువ్వు ఏమన్నా డాక్టరా మాప్ళే? ఇంకా పేరు గూడా పెట్టలేదు ఆ బిడ్డకు. మంచిమాట అంటేనే మిరపకాయ కాల్చినారు. ఇట్లాంటి మాట అంటే మనల్నే కాలుస్తారు. రేపు బిడ్డకు జలుబు చేసినా నీ నోరే అంటారు."

"తప్పయితే పోనీ అనుకుంటారు. నిజమైతే?"

"నిజమైతే వాళ్ళకే తెలుస్తాది. గోడ లోపలిది మనది, ఇంటి లోపలిది వాళ్ళది. ఊరికే ఉండు."

ఊరికే ఉన్నాను. ఒకరోజు కాదు, నెలరోజులు. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో పుట్టగానే చెవులు పరీక్ష చేస్తున్నారు. ఆ పిల్ల పుట్టిన చిన్న నర్సింగ్ హోంలో అప్పట్లో అది లేదు. వాళ్ళకే తెలుస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. ఒకరోజు వేరే ఇంట్లో పైపు కోస్తుండగా తట్టింది. వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? లేత్ రొద అలవాటని అనుకుంటారు. ఆ ఇంట్లో ఒక్క గోడే దినమూ ధడ్‌మని కొట్టి, చూడండి, ఈ బిడ్డ అదరడం లేదు అని చెప్తూ ఉండింది. దాని నోరు మూయించింది నేను. రబ్బరు పెట్టి మరీ మూయించాను.

పైపు అక్కడే వదిలేసి మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాను. "ఆ ఇంటికి పోవాల. కొళాయి మూసేదానికి ఒక మనిషి కావాల," అన్నాను.

"నేను రాను," అన్నాడు. తిట్టాడు. మా అమ్మను, అయ్యను, నా మొండితనాన్ని అన్నీ కలిపి తిట్టాడు. తిడుతూనే చొక్కా వేసుకుని నా వెనక బండి ఎక్కాడు.

పేరు పెట్టడం అయిపోయింది, గుమ్మానికి మామిడాకులు ఇంకా ఎండి వేలాడుతున్నాయి. చేసిన పని ఒకసారి చూసిపోదామని వచ్చామంటే పెద్దావిడ సంతోషపడింది. "పని మీద ఎంత శ్రద్ధ అప్పా నీకు!" అంది. నేను లోపలికి వెళ్ళి ప్లైవుడ్ మూత తీశాను. రబ్బరు లాగేశాను. స్పానరు పెట్టి, బిగించిన క్లాంపును నాలుగు చుట్లు వదులు చేశాను.

బయటికొచ్చి, "అమ్మా, కోపం చేసుకోవద్దు. ఒక్క పని చెయ్యాల. బిడ్డను ఎత్తుకొని ఈ గది నడిమధ్యలో నిలబడండి. గోడకూ తలుపుకూ ఆనుకోవద్దు. బిడ్డ కళ్ళు మాత్రం చూస్తా ఉండండి," అన్నాను.

గోడకు ఆనుకోవద్దని ఎందుకన్నానంటే, ఆనుకుంటే అదురు ఒంటికి తగులుతుంది, బిడ్డ కదులుతుంది, విన్నదని మనం మోసపోతాం. అది అక్క నేర్పిన చదువు.

ఏమీ అర్థం కాక పెద్దావిడ బిడ్డను ఎత్తుకుంది. కూతురు మంచం పక్కన నిలబడింది. నేను సైగ చేశాను. లోపల మేస్త్రి కొళాయి టక్కున మూశాడు.

ధడ్!

పెద్దావిడ చేతులు అదిరాయి. "ఏందప్పా ఇది, మళ్ళీ కొట్టుకుంటా ఉండాది!" అంది.

"బిడ్డను చూడండమ్మా."

ధడ్!

బిడ్డ అవ్వ చెవి కమ్మ మెరుపునే చూస్తోంది. మూడోసారికి పెద్దావిడకు నేనేం చూపిస్తున్నానో తెలిసిపోయింది. ఆమె ముఖం తెల్లబడింది, వెంటనే ఎర్రబడింది.

"పని చేసేదానికి వచ్చినవాడు పని చూసుకొని పో! నా మనవరాలికి వంక పెట్టేదానికి నువ్వెవడు? పేరు పెట్టి పది దినాలు గూడా కాలేదు, నీ నోట్లో ఇట్లాంటి మాటా? పో, బయటికి పో!"

నేను ఒక్క మాట కూడా అనలేదు నిజానికి. చెప్పిందంతా గోడే. తల దించుకుని గుమ్మం వైపు నడిచాను. అప్పుడు వెనకనుంచి కూతురి గొంతు వినపడింది.

"అమ్మా, ఆగు. అణ్ణా, ఇంకోతూరి."

ఆమె వచ్చి తల్లి చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. తన ముఖం ఎదురుగా పెట్టుకుంది. మేస్త్రి కొళాయి తెరిచి మూశాడు. గోడ కొట్టింది. ఆమె అదరలేదు. కావాలని బిగబట్టుకుని బిడ్డ కళ్ళే చూసింది. తర్వాత బిడ్డను గుండెకు అదుముకుని అట్లాగే నిలబడిపోయింది.

"నాకు ముందే అనుమానం ఉండె అణ్ణా. పక్కనే చప్పట్లు కొట్టినా రెప్ప వెయ్యదు. నాకొక్కదానికే ఇట్ల తోస్తాదేమో, నా మనసే చెడ్డదేమో అని ఎవరికీ చెప్పలేదు," అంది.

ఆ తల్లి నెలరోజులకు పైగా ఆ భయాన్ని ఒంటరిగా మోసింది. అదే నెల నేనూ మోశాను. నేను ముందే నోరు విప్పి ఉంటే ఆమెకు ఒక తోడు ఉండేది కదా అని అక్కడే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పెద్దావిడ మంచం అంచున కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రి బాత్రూములోంచి బయటికి రాలేదు. మేము వచ్చేశాం. స్పానరు ఆ గోడ సందులోనే మరిచిపోయాను. క్లాంపు వదులుగానే ఉండిపోయింది.

పరీక్షలు రెండుసార్లు చేశారట. రెండు చెవులూ వినపడటం లేదు. ఆ సంగతి కూతురే ఫోను చేసి చెప్పింది. పెద్దావిడ నాతో మాట్లాడలేదు. నేనూ ఆ వీధికి పోలేదు. తర్వాత బిడ్డకు చెవి మిషన్లు పెట్టి చూశారు, చాలలేదు. రెండేళ్ళు నిండకముందే ఆపరేషన్ చేసి, తల లోపల ఒక చిన్న మిషను, చెవి వెనక ఒకటి పెట్టారు. వినడం నేర్పడానికి వారానికి రెండు రోజులు టీచరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ టీచరు కోయంబత్తూరులోనే కాబట్టి తల్లీబిడ్డా పుట్టింట్లోనే ఉండిపోయారు.

"క్లాంపు బిగించమంటావా అమ్మా? మేస్త్రిని పంపిస్తాను," అని ఒకసారి ఫోనులో అడిగాను.

"వద్దణ్ణా, అట్లే ఉండనీ. దినమూ స్నానానికి ముందు కొళాయి మూసి చూస్తా ఉండాను," అంది ఆ తల్లి.

ఆపరేషన్ అయ్యాక కూడా చాన్నాళ్ళు ఏమీ లేదు. మిషను పెట్టినంత మాత్రాన బల్బు వేసినట్టు వెలగదు, మెదడు నేర్చుకోవాలి. ఒకరోజు పొద్దున మేట్టుపాళయం దగ్గర ఎవరిదో డాబా మీద ట్యాంకు బిగిస్తున్నాను. ఫోను మోగింది. అవతల మాట లేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత నాకు బాగా తెలిసిన చప్పుడు, ధడ్. తర్వాత ఆమె, "తిరిగి చూసినాది అణ్ణా. గోడ పక్క తిరిగి చూసినాది," అంది. నేను ఆ డాబా మీదే ట్యాంకు నీడలో కూర్చుండిపోయాను. ఇంటివాళ్ళు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తెచ్చారు.

ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. ఇప్పటికి బిడ్డతో ఒకే భాష మాట్లాడండి, రెండు కలిపితే కష్టం అని టీచరు చెప్పిందట. ఆ టీచరు తమిళంలోనే నేర్పుతుంది, రేపు బడీ తమిళమే. అందుకని తమిళమే ఖాయం చేశారు. ఎన్ని తరాలుగానో లోగిట్లో తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడని ఇల్లు అది. పెద్దావిడ మనవరాలితో తమిళంలో ముద్దు చేయబోయి, మాట చాలక ఊరికే తల నిమిరేదట. "నేను దాంతో మాట్లాడేది నా మాట గాదు కదే," అని ఒకసారి ఏడ్చిందట. తెలుగంతా వంటింట్లో, కూతురితో, తలుపు దగ్గరేసుకుని. ఎవరైనా గిన్నె జారవిడిస్తే మాత్రం పాత అలవాటు కొద్దీ కసిరేదట, మెల్లగా, బిడ్డ అదిరిపడ్తాది అని. బిడ్డకు వినపడని రోజుల్లో కూడా ఆమె ఆ కసురు మానలేదట. అది విని నాకు ఆమె మీద ఉన్న బెరుకంతా పోయింది.

పిల్లకు నాలుగేళ్ళు దాటాక, నేను పని మానుకున్నాక, ఒకరోజు ఫోనులో పెద్దావిడ గొంతే వినిపించింది.

"ఏమప్పా, నా గోడ చెడగొట్టినవాడివి నువ్వే గదా? వచ్చి సరి చేసిపో."

మేస్త్రికి చెప్పాను. అతను ఇప్పుడు మదురైలో, మాట్టుతావణి కూరగాయల మార్కెట్టు దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. ఫోనులో బస్సుల హారన్ల మధ్య అరిచాడు, "నేను లేకుండా ఆ గోడ ముట్టుకోవద్దు మాప్ళే! నీకు కొళాయి మూసేది గూడా చేతగాదు!"

మోకాళ్ళు నొప్పిగా ఉన్నా, అతను వచ్చేదాకా ఆగలేక ఒక్కణ్ణే వెళ్ళాను. పెద్దావిడ గుమ్మంలోనే ఉంది. బాగా తగ్గిపోయింది మనిషి. లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే నా స్పానరు. తుప్పు పట్టకుండా నూనె పూసి దాచింది.

"ఆ పొద్దు నిన్ను పొమ్మంటి. మనసులో పెట్టుకోవద్దప్పా," అంది.

"మా ఇంటికి ఇట్లా వచ్చి చెప్పినవాళ్ళు లేకపోయిరి అమ్మా," అని అక్క సంగతి చెప్పాను. ఆమె నా పక్కనే నేల మీద కూర్చుని చివరిదాకా వింది. కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇంక ఆ గోడ సత్తం వద్దప్పా. దాని పని అయిపోయింది. బిగించెయ్యి," అంది.

నేను బాత్రూములో మూత తీసి, పైపుకు కొత్త రబ్బరు చుట్టి, క్లాంపుకు స్పానరు తగిలించాను. ఇనుము ఇనుముకు తగిలి ఠంగుమంది. గుమ్మం దగ్గర చిన్న అడుగుల చప్పుడైంది. పాప వచ్చి నిలబడింది. చెవి వెనక మిషను, దానికి నీలం రంగు బొందు. భుజాన ఒక గుడ్డబొమ్మను పడుకోబెట్టుకుంది. నా ముఖం, స్పానరు మార్చి మార్చి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా కొట్టు తాతా. బిడ్డ అదిరిపడ్తాది."

తెలుగులో అంది.

వెనకనే కాఫీ తెస్తున్న పెద్దావిడ ఆగిపోయింది. కాఫీ ఒలికి చెయ్యి కాలినా ఆమెకు తెలియలేదు. "మేమెవ్వరమూ చెప్పియ్యలేదప్పా," అంది. "ఒట్టు. దాంతో ఒక్క తెలుగు మాట గూడా మాట్లాడలేదు."

"మనం వంటింట్లో మాట్లాడుకొనేది విన్నాదమ్మా," అంది కూతురు. "తలుపు అవతల్నుంచి విన్నాది."

పెద్దావిడ కాఫీ కింద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా పాప ముందు కూర్చుంది. పాప మాత్రం మమ్మల్నెవరినీ పట్టించుకోలేదు. నేనింకా ఒప్పుకోలేదని నా వైపే గుర్రుగా చూస్తోంది.

ముప్ఫై ఏళ్ళకు పైగా, గోడలో చప్పుడని నా మీద విసుక్కోని ఇల్లు లేదు. ఒక్క ఫిర్యాదుకూ నేను ఇంత సంతోషపడలేదు.

"సరేనమ్మా," అన్నాను. భుజం మీది తువ్వాలు తీసి స్పానరుకు చుట్టాను. బొమ్మ లేవకుండా, మెల్లగా బిగించాను.